నలభై మూడు ఇళ్ళ నీళ్ళు

చిక్కడపల్లి,
12 జూన్ 2022, ఆదివారం

నవతకు,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో నీ మాట సగం వినిపిస్తుంది, సగం గాలికి పోతుంది. మొన్న "గుట్టెక్కి మాట్లాడుతున్న అత్తమ్మా" అన్నావు, ఆ తర్వాత అంతా గరగర. ఇరవై తొమ్మిదేళ్ళు ఆఫీసులో ఇన్‌వర్డు సెక్షన్లో కూర్చుని వచ్చిన కాగితానికల్లా నంబరు వేసినదాన్ని. నాకు చెవి మీద కన్నా కాగితం మీదే నమ్మకం. ఇక నుంచి రాసుకుందాం.

నువ్వు ఇంటికి రాక మూడు ఆదివారాలయింది. కారణం ఉదయ్ చెబితే తెలిసింది. మీ ఊటపల్లి పంచాయతీలో ప్రతి ఇంటికీ సురక్షితమైన తాగునీరు అందుతోందని ధ్రువీకరణ పత్రం ఒకటి తయారైందట. సర్పంచ్ సంతకం పెట్టాడట. కార్యదర్శి సంతకం పెట్టాల్సిన చోటు మాత్రం నెల రోజులుగా ఖాళీగా ఉందట. ఆ కార్యదర్శి నా కోడలట.

ఉదయ్ స్నేహితుడు రమాకాంత్ నిన్న ఇంటికి వచ్చాడు. నీ బదిలీ ఫైలు సంగతి అతనే చూస్తున్నాడు కదా. చాయ్ తాగుతూ అన్నాడు: "గా ఒక్క సంతకం అయితే ఫైలు కదుల్తదమ్మా. లేకపోతే ప్రొబేషన్ గూడ అటకెక్కుతది."

అశోక్‌నగర్ హాస్టల్లో ఒక గదిలో ఆరుగురు ఉండి, రెండేళ్ళు చదివి తెచ్చుకున్న ఉద్యోగం నీది. నోట్సులు జిరాక్స్ తీయించుకోవడానికి మన షాపుకు వచ్చేదానివి, మన ఇంటికే వచ్చావు. పెళ్ళయి రెండేళ్ళు. నువ్వూ ఉదయ్ మొగుడూ పెళ్ళాంగా కలిసి ఉన్న రోజులు వేళ్ళ మీద చెప్పొచ్చు. సంతకం పెట్టి వచ్చెయ్యి బిడ్డా. ఊరి నీళ్ళ సంగతి ఊరివాళ్ళు చూసుకుంటారు.

జవాబు రాయి. ఫోన్ చెయ్యకు.

రాజకుమారి

*

ఊటపల్లి,
19 జూన్ 2022

అత్తమ్మకు నమస్కారాలు.

పోస్టుమాన్ పంచాయతీ ఆఫీసులోకి వచ్చి కవరు ఇస్తే ఇంకో మెమో అనుకున్నాను. మీ గుండ్రటి రాత చూశాక ఊపిరి పీల్చుకున్నాను. లోపల ఉన్నదీ మెమోలాంటిదే అనుకోండి.

మీరు అడిగారు కాబట్టి మొత్తం చెబుతాను. ఊటపల్లిలో నల్లాలు బాగానే వస్తాయి, నేనూ అవే తాగుతాను. ఊరికి రెండు కిలోమీటర్ల ఎగువన బండగూడెం ఉంది. ఇదే పంచాయతీ కింద వస్తుంది. నలభై మూడు ఇళ్ళు, అందరూ రాళ్ళు కొట్టుకుని బతికేవాళ్ళు. అక్కడికీ పైపు వేశారు. ఇంటింటి ముందూ సిమెంటు దిమ్మె కట్టి నల్లా బిగించారు. ఇంటావిడను పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. అది జరిగి పద్నాలుగు నెలలు. ఒక్క రోజు, ఒక్క బిందె కూడా రాలేదు. నీళ్ళు ఆ ఎత్తు ఎక్కవు.

వాళ్ళు తాగేది బోరింగు నీళ్ళు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, తాగొద్దు అని ఎప్పుడో దానికి ఎర్ర రంగు వేశారు. వేరే నీళ్ళు చూపించకుండా తాగొద్దంటే ఏం తాగుతారు? పోయిన నెల తనిఖీకి పెద్దసార్లు వస్తున్నారని తెలిసి ఎవరో ఆ బోరింగుకు నీలం రంగు వేశారు. యశోదమ్మ అనే ఆవిడ నాతో అంది: "రంగేస్తే బోరింగు మారింది గని, నా నడుము మారలే బిడ్డా."

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. నడుము వంగిపోయింది. నా ముఖం చూడాలంటే కింద కూర్చుని తల ఎత్తుతుంది. చెయ్యి పైకి లేవదు కాబట్టి మనవరాలు రోజా తల దువ్వుతుంది. ఆ పిల్లకు పదేళ్ళు. నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే సిగ్గరి అనుకున్నాను. ఒకరోజు చెయ్యి తీసింది. పళ్ళ మీద తుప్పు పట్టినట్టు గోధుమరంగు చారలు.

ఆ పత్రం పట్టుకుని ఇళ్ళ జాబితా సరిచూడ్డానికి వెళ్ళినప్పుడు యశోదమ్మ అడిగింది.

"నువ్వు సంతకం పెడితె మాకు నీళ్ళొచ్చినట్టేనా?"

"కాగితం మీద వచ్చినట్టే."

"మరి అటెన్క గీ నీళ్ళ ముచ్చట ఎవరన్న అడగొస్తరా?"

పత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాను అత్తమ్మా. ఆ గడి నిండిందంటే ఇక ఎవరూ రారు.

సర్పంచ్ రాజేశం చెడ్డవాడని కాదు. "మేడం, బిల్లు ఆగింది, కాంట్రాక్టర్ నా పానం తీస్తున్నడు. వానకాలం పోయినంక పెద్ద మోటరు ఏపిస్త, ముందుగాల సంతకం పెట్టున్రి" అంటాడు. మోటరు బిగించిన మర్నాడే పెడతానన్నాను. లేచి వెళ్ళిపోయాడు.

నేను పెట్టను. ఉదయ్‌కి కోపంగా ఉందని తెలుసు. మీకూ ఉందని తెలుసు.

నవత

*

చిక్కడపల్లి,
27 జూన్ 2022

నవతకు,

నువ్వు రాసింది నాలుగు పేజీలు. అందులో యశోదమ్మ నడుము ఒక పేజీ. నా కంటి ఆపరేషన్ జరిగి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. కట్టు విప్పారా అన్న ముక్క ఒక్కటి లేదు. నీకు ఫోన్లో చెప్పానని ఉదయ్ ప్రమాణం చేస్తున్నాడు. నువ్వు పరాయి ఊళ్ళో ఒంటరిగా ఉన్నావని పోయిన ఉత్తరంలో నేనే ఎత్తలేదు. సరే, ఒంటికన్నుతో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే యశోదమ్మను తలుచుకుని క్షమించు.

ఇక నీ పంతం గురించి. నీళ్ళు చెడ్డవని నువ్వంటే పై ఆఫీసులో ఎవరు వింటారు? బోరింగుకు ఎవరో ఎర్ర రంగు వేశారు, ఇంకెవరో నీలం వేశారు అని రాస్తే నవ్వుతారు. ఇలాంటి అర్జీలు నా చేతుల మీదుగా వేలు వెళ్ళాయి. కాగితం లేని నిజం టేబుల్ మీద నిలవదు. ఆ నీళ్ళు పరీక్ష చేయించిన రిపోర్టు ఉందా నీ దగ్గర? లేదు. లేనప్పుడు మాట్లాడకుండా సంతకం పెట్టాలి.

ఇంతకన్నా చెప్పేది లేదు.

రా.కు.

*

ఊటపల్లి,
4 జులై 2022

అత్తమ్మా,

నన్ను తిట్టండి. ఉదయ్ ఫోన్ చేసిన రోజు నేను గుట్ట మీదే ఉన్నాను. "అమ్మకు... కన్ను... మొన్న..." ఇంతే వినిపించింది. అమ్మ కన్నీళ్ళు పెట్టుకుందని అంటున్నాడనుకున్నాను. నా గురించి ఏడ్చారనుకుని, ముఖం చెల్లక అడగలేదు. చుక్కల మందు వేళకు వేసుకుంటున్నారా? పొయ్యి దగ్గరికి వెళ్ళకండి. వచ్చే నెల రెండు రోజులు సెలవు పెట్టి వస్తాను.

మీరు రాసిన ఆ ఒక్క మాట పదిసార్లు చదువుకున్నాను. కాగితం లేని నిజం నిలవదు. నాకెందుకు తట్టలేదో! నిన్ననే బండగూడెం బోరింగు నీళ్ళు రెండు సీసాల్లో పట్టి బస్సు పార్సిల్లో మీ పేరున పంపాను. నీళ్ళు పరీక్షించే ల్యాబ్ నారాయణగూడలోనే ఉంది, మనింటికి నడిచే దూరం. దయచేసి ఇప్పించండి. ఇంత మంచి దారి చూపించినందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

మీ నవత

*

చిక్కడపల్లి,
9 జులై 2022

నవతకు,

దారి చూపించానా! నేను దారి మూశాననుకున్నాను.

నీ సీసాలు అయిదో తారీకున వచ్చాయి. ఉత్తరం వచ్చింది ఎనిమిదిన. ఆ మూడు రోజులు అవి ఏ జాతర నుంచో పంపిన నీళ్ళనుకుని ఫ్రిజ్‌లో పెట్టాను. ఏడో తారీకు మధ్యాహ్నం ఉదయ్ షాపు నుంచి చెమటలు కక్కుతూ వచ్చి, ఒక సీసా ఎత్తి రెండు గుక్కలు మింగాడు. "గివేం నీళ్ళమ్మా, నాలిక మీద సున్నం రాసినట్టున్నయి" అని ఆ సీసాలో తక్కినవి సింకులో పారబోశాడు.

మర్నాడు నీ ఉత్తరం పైకి చదివాను. వాడి ముఖంలో నెత్తురు లేదు. "అమ్మా, నాకేమన్నయితదా?" అని అడిగాడు. మందుల షాపుకు పరిగెత్తాడు, తెలిసిన డాక్టరుకు ఫోన్ చేశాడు, రెండు కొబ్బరి బొండాలు తాగాడు. రెండు గుక్కలతో ఏమీ కాదని డాక్టరు చెప్పినా నమ్మలేదు. నేను వాడిని చూస్తూ కూర్చున్నాను. చివరికి అడిగాను: "రెండు గుక్కలకే నీకు గింత పరేషాన్ అయితే, ఆ పిల్ల పుట్టినప్పటి సంది తాగుతున్నది గదరా?"

షాపుకు వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున నల్లద్దాలు పెట్టుకుని, మిగిలిన సీసా సంచిలో వేసుకుని నారాయణగూడ నడిచాను. కిటికీ దగ్గర ఉన్నాయన తీసుకోలేదు. కానీ విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పాడు. వాడిన సీసా పనికిరాదు. రెండు లీటర్ల కొత్త ప్లాస్టిక్ క్యాన్ కావాలి. అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపాలి. ఎక్కడి నీళ్ళు, ఏ రోజు ఏ వేళకు ఎవరు పట్టారు, అన్నీ చీటీ మీద ఉండాలి. పంచాయతీ తరఫున నీ లేఖ ఉండాలి, దాని మీద నంబరు ఉండాలి. నాకు ఆ మనిషి నచ్చాడు. అర్జీ తిప్పి కొట్టడం వేరు, సరిగ్గా రాసుకు రమ్మనడం వేరు.

సంతకం పెట్టమన్న నా మాట వెనక్కి తీసుకున్నానని అనుకోవద్దు. నీళ్ళు మంచివేనని రిపోర్టు వస్తే నువ్వు పెట్టి తీరాలి. ఒప్పుకుంటేనే క్యాన్లు పంపు.

కన్ను బాగానే ఉంది.

రాజకుమారి

*

ఊటపల్లి,
16 జులై 2022

అత్తమ్మా,

ఒప్పుకున్నాను.

క్యాన్లు ఇవాళ్టి బస్సులో వేశాను. బండగూడెంలో రాళ్ళు కొట్టే శ్రీశైలం తానే కడిగి, తానే నింపి, భుజం మీద రెండు కిలోమీటర్లు మోసుకొచ్చాడు. "మా నీళ్ళు పట్నం పోతున్నయి, మేమే ఇంక పోలే" అని నవ్వాడు. చీటీ రోజా రాసింది. అక్షరాలు కుదురుగా ఉన్నాయని మార్చలేదు.

మెమో వచ్చింది. ఆగస్టు పదిహేను గ్రామసభలో తీర్మానం చదివించి పత్రం మీద సంతకం పెట్టాలట, లేకపోతే చర్య తీసుకుంటారట. మండలంలో తక్కిన కార్యదర్శులంతా పెట్టేశారు. ఎవరి ఊళ్ళో నీళ్ళు ఎలా ఉన్నాయో వాళ్ళకే తెలియాలి. మీటింగులో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటోంది.

ఫ్రిజ్‌లో పెట్టకండి.

నవత

*

చిక్కడపల్లి,
2 ఆగస్టు 2022

నవతకు,

రిపోర్టు నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మీ బోరింగు నీళ్ళలో నాలుగు పాయింట్ రెండు. కింద స్పష్టంగా రాశారు: తాగుటకు పనికిరాదు.

అసలు కాపీ ఇందులో పెట్టి రిజిస్టర్డు పోస్టులో పంపుతున్నాను. మూడు జిరాక్సులు నా బీరువాలో ఉన్నాయి.

సంతకం పెట్టకు.

రాజకుమారి

*

ఊటపల్లి,
3 ఆగస్టు 2022

అత్తమ్మకు,

నిన్న మండలాఫీసులో పెద్దసారు నన్ను కూర్చోమన్నాడు. మొదటిసారి నవ్వుతూ మాట్లాడాడు. "ఇంక ఫికర్ లేదమ్మా. మీ అత్తగారు మాటిచ్చిండ్రట గద, పదిహేను తారీకు నాడు సంతకం అయిపోతదని. రమాకాంత్ పట్నంకెల్లి ఫోన్ చేసి చెప్పిండు" అన్నాడు. గదిలో అందరి ముందూ.

నా చేతిని మీరు ఎవరికి రాసిచ్చారు? నన్ను అడగాలని అనిపించలేదా? క్యాన్లు పంపి పద్దెనిమిది రోజులయింది. రిపోర్టు ఇంకా ఎందుకు రాలేదా అని రోజూ పోస్టు కోసం చూశాను. ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. అది మీ దగ్గరే ఉంటే ఉండనివ్వండి. నా దగ్గర ఏ కాగితం లేకపోయినా, ఆ నీళ్ళు ఏమిటో నాకు తెలుసు, తాగేవాళ్ళకు తెలుసు.

ఈ నెల సెలవు పెట్టి వస్తానన్నాను. రావడం లేదు.

నవత

*

చిక్కడపల్లి,
8 ఆగస్టు 2022

నవతకు,

నీ ఉత్తరం, నా రిజిస్టర్డు ఉత్తరం దారిలో ఎదురుపడి ఉంటాయి. నాది ఈపాటికి నీకు చేరి ఉంటుంది. అయినా కొన్ని మాటలు నేనే చెప్పాలి.

నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. నీ ఉత్తరం ఉదయ్ ముందు పెట్టి అడిగాను. తల దించుకున్నాడు. "రమాకాంత్‌కు నేనే చెప్పిన. నా మాట ఆమె వింటలేదమ్మా. నువ్వు ఒప్పుకున్నవంటె వింటదనుకున్న. రెండేండ్ల సంది ఒక్కన్నే ఉంటున్న. ఇంకెన్ని దినాలు?" అన్నాడు. తప్పు చేశాడు. కానీ అబద్ధం చెప్పిన ముఖం కాదు అది, అలిసిపోయిన ముఖం. అది కూడా నీకు తెలియాలని రాస్తున్నాను.

అప్పుడే రమాకాంత్‌కు ఫోన్ చేయించాను. "బాబూ, నా పేరు మీద నువ్వు చెప్పిన మాట నాది కాదు. మళ్ళా ఫోన్ చేసి కాదని చెప్పు, లేకుంటె నేనే పోయి రాసిచ్చొస్త" అన్నాను. "అమ్మా, ఇంక బదిలీ సంగతి నా చేతిల లేదు" అన్నాడు. "లేకపాయె" అన్నాను.

రిపోర్టు దాచానని రాశావు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క కాగితం నా టేబుల్ సొరుగులో నిద్రపోలేదు. ఆ వాక్యం చదివి రెండు పూటలు అన్నం తినలేదు. ఇంకెప్పుడూ అలా రాయకు. క్షమాపణలు కూడా రాయకు, చదవను.

గ్రామసభ గురించి నా సలహా ఒకటే. వాదించకు. వాదిస్తే నోరున్నవాడు గెలుస్తాడు. రాయి. ఎవరేం చెబితే అది, వాళ్ళ మాటల్లోనే, తీర్మానాల పుస్తకంలో రాసి కింద వేలిముద్ర తీసుకో.

ఉదయ్ పద్నాలుగున బండి మీద వస్తానంటున్నాడు, నిన్ను తీసుకొస్తాడట. ఆపలేదు. అన్నం పెట్టు.

రాజకుమారి

*

ఊటపల్లి,
16 ఆగస్టు 2022

అత్తమ్మా,

క్షమాపణ రాయొద్దన్నారు, రాయడం లేదు. రిజిస్టర్డు కవరు అయిదో తారీకున అందింది. మిగిలింది ఎదురుగా నిలబడి చెబుతాను.

నిన్నటి సంగతి. జెండా ఎగరేసి, మిఠాయిలు పంచాక బడి వరండాలో సభ. మండలాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. తీర్మానం ముందే టైపు చేసి తెచ్చారు. ఉదయ్ హెల్మెట్ చంకలో పెట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. పొద్దున జెండా దగ్గరా నాకు దూరంగానే ఉన్నాడు.

రాజేశం తీర్మానం చదివాడు. "ఒప్పుకున్నోళ్ళు చేతులు లేపున్రి" అన్నాడు. ఊటపల్లివాళ్ళలో కొందరు లేపారు. వాళ్ళకు నీళ్ళు వస్తున్నాయి మరి. బండగూడెంవాళ్ళు వెనక వరుసలో కూర్చున్నారు, ఒక్క చెయ్యీ లేవలేదు. నేను ల్యాబ్ రిపోర్టు చదివాను. వచ్చిన ఇద్దరిలో ఒకాయన, "అది బోరింగు సంగతమ్మా, మనం నల్లాల గురించి మాట్లాడుతున్నం" అన్నాడు. వాదించాలని నోటిదాకా వచ్చింది. మీ మాట గుర్తొచ్చి పుస్తకం తెరిచాను. "సరే సార్, నల్లాల గురించే రాస్తాను. ఇంటింటికీ ఒకరు లేచి చెప్పండి" అన్నాను.

మొదట ఎవరూ లేవలేదు. కొంచెంసేపు నాకూ భయం వేసింది. అప్పుడు శ్రీశైలం లేచాడు. "మా ఇంటి ముంగట నల్లా ఉన్నది. నీళ్ళు రాలె. రాసుకో మేడం." రాశాను. వేలిముద్ర వేశాడు. తర్వాత ఒకామె: "నల్లాకు బర్రెను కట్టేస్తున్నం, ఇంక దేనికి పనికొస్తలేదు." అదీ రాశాను. వచ్చినాయన, "గిసుంటివి గూడ రాస్తరా పుస్తకంల?" అని అరిచాడు. "ప్రజలు చెప్పినవి సార్" అన్నాను.

యశోదమ్మ వంతు వచ్చింది. ఆమె నిలబడితే ముఖం కనిపించదని ఎవరో కుర్చీ వేయబోయారు. వద్దంది. వంగిన నడుముతోనే ముందుకు వచ్చి, నేల చూస్తూనే గట్టిగా మాట్లాడింది.

"నల్లా పెట్టిన్నాడు నన్ను పక్కన నిలబెట్టి ఫోటో తీసిండ్రు. నవ్వుమన్నరు, నవ్విన. నీళ్ళొస్తయనుకుని నవ్విన. ఆ ఫోటో చూపెట్టి ఇప్పుడు నీళ్ళొచ్చినయంటున్నరు. రాలేదని రాయి బిడ్డా. నా పేరు మీద రాయి."

నలభై మూడు ఇళ్ళు. పదకొండు పేజీలు. రాజేశం మధ్యలో లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. తల పట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు. చివర్లో కార్యదర్శి నివేదిక అన్న చోట నేను రాశాను: "బండగూడెంలోని నలభై మూడు ఇళ్ళకు తాగునీరు అందడం లేదు." సంతకం పెట్టాను. టైపు చేసి తెచ్చిన పత్రాన్ని ఖాళీగానే తిరిగి ఇచ్చాను.

సభ ముగిశాక ఉదయ్ వచ్చి పుస్తకం అడిగాడు. కోపంతో చింపేస్తాడేమోనని ఒక్క క్షణం గట్టిగా పట్టుకున్నాను. అర్థమైంది అతనికి. "నేను జిరాక్స్ షాపోన్నే. నాకియ్యి" అన్నాడు. వరండా మెట్ల మీద వెలుతురులో పరిచి, పదకొండు పేజీలూ అంచులు తెగకుండా ఫోటోలు తీశాడు. మంచి పని చేశాడు. ఇవాళ పొద్దున పుస్తకాన్ని "పరిశీలన" కోసం మండలాఫీసుకు తీసుకుపోయారు.

అన్నం పెట్టాను. రెండుసార్లు పప్పు వేసుకున్నాడు. బండి ఎక్కుతూ, "సంతకం పెట్టి రమ్మని చెప్పనీకే వచ్చిన" అన్నాడు. మళ్ళీ దిగాడు, నా తల మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

నవత

*

చిక్కడపల్లి,
25 ఆగస్టు 2022

నవతకు,

పదకొండు పేజీలూ అచ్చయ్యాయి. ఉదయ్ షాపులో రెండు రోజులు వేరే పని పెట్టుకోలేదు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు నోట్సుల కోసం వచ్చి, బల్ల మీద ఉన్నవి చదువుతూ నిలబడిపోయారట. ల్యాబ్ రిపోర్టు జతచేసి అయిదు సెట్లు కుట్టించాను. నేనూ ఉదయ్ మూడు ఆఫీసులకు తిరిగి ఇచ్చాం. ఒకచోట "పోస్టులో పంపున్రి" అన్నారు. ఇన్‌వర్డు సెక్షన్ ఎటువైపు ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా? ముద్ర వేయించుకుని, నంబరు రాయించుకునే మెట్లు దిగాను. నంబరు పడిన కాగితం దొరకడం లేదంటే, పోగొట్టినవాడు జవాబు చెప్పాలి.

ఇక మెమోకు జవాబుగా నువ్వు పంపిన సంజాయిషీ ముసాయిదా. "అవగాహన లోపం వల్ల జరిగిన జాప్యానికి" అన్నావు. కొట్టేశాను. అన్నీ తెలిసే చేశావు. "సంతకం చేయలేకపోయాను" కాదు, "చేయలేదు" అని రాయి. "పెద్దమనసుతో మన్నించగలరని ప్రార్థన" అన్న చివరి వాక్యం మొత్తం తీసేశాను. మన్నించడానికి అక్కడ తప్పేముంది? "వాస్తవాలు తమ దృష్టికి తేవడమైనది" అని ఆపెయ్యి. మర్యాద తగ్గదు, నడుమూ వంగదు.

శుభ్రంగా తిరగరాసి పంపు. కాపీ ఉంచుకో.

అత్తమ్మ

*

ఊటపల్లి,
28 నవంబరు 2022

అత్తమ్మా,

ఈ ఊరి నుంచి ఇదే చివరి ఉత్తరం. బదిలీ ఆర్డరు వచ్చింది. హైదరాబాదుకు కాదు, ఇంకో డెబ్బై కిలోమీటర్లు అవతలికి. ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. కారణం రాయలేదు. ఉదయ్‌కి ఫోన్లో చెబితే, "నా బండి గంతదూరం గూడ పోతది తియ్" అన్నాడు.

ఇక్కడ ఏమైందో చెబుతాను. అక్టోబరులో పైనుంచి వేరే బృందం వచ్చి మళ్ళీ నీళ్ళు పరీక్షించింది. అదే లెక్క వచ్చింది. బోరింగు హ్యాండిల్ ఊడదీసుకుపోయారు. రోజూ పొద్దున ట్యాంకరు వస్తోంది. గుట్ట మధ్యలో చిన్న ట్యాంకు కట్టి, ఇంకో మోటరు బిగించారు. మొన్న శుక్రవారం బండగూడెం నల్లాల్లో నీళ్ళు వచ్చాయి. శ్రీశైలం ఇంటి ముందు నల్లా కింద పెట్టిన బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ నల్లా కట్టేయలేదు, చూస్తూ నిలబడ్డారు. రోజా దోసిలి పట్టి తాగి, నా వైపు తిరిగి నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

కానీ అందరికీ రాలేదు. ఇరవై తొమ్మిది ఇళ్ళకే వచ్చాయి. బండ మీద ఉన్న పద్నాలుగు ఇళ్ళకు ఎక్కలేదు. యశోదమ్మ ఇల్లు ఆ పద్నాలుగింటిలో ఉంది. రోజా తాగింది శ్రీశైలం ఇంటి దగ్గర.

నిన్న ఛార్జి అప్పగించే ముందు రాజేశం కొత్త పత్రం తెచ్చాడు. మళ్ళీ "నలభై మూడు" అనే ఉంది. కొట్టేసి "ఇరవై తొమ్మిది" అని రాసి, పక్కన పొట్టి సంతకం, కింద పూర్తి సంతకం పెట్టాను. ఈ ఊళ్ళో నీళ్ళ కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం అది. కాపీ ఇందులో పెట్టాను.

"గట్ల రాస్తె ఆ పద్నాలుగు కనబడ్తయి గద మేడం" అన్నాడు రాజేశం.

"కనబడాలనే రాసిన" అన్నాను.

యశోదమ్మ దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. కింద కూర్చుని తల ఎత్తి నా ముఖం చూసింది. "నువ్వు పోతున్నవు, మా నీళ్ళు ఇంక రాకపాయె" అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట అంది. కొత్త ఊరికి వెళ్ళాక ఇక్కడి గురించి అధికారికంగా ఒక్క ముక్క రాయడానికి నాకు హక్కు ఉండదు. అదే మింగుడుపడటం లేదు.

కొత్త చిరునామా వెనకపేజీలో రాశాను.

మీ నవత

*

చిక్కడపల్లి,
6 డిసెంబరు 2022

బిడ్డా,

నీకు హక్కు లేకపోతే పోయింది. నాకుంది. పెన్షన్ తీసుకునే ముసలిదాన్ని ఎవరు బదిలీ చేస్తారు?

నిన్న పొద్దున అర్జీ రాసుకుని బయల్దేరాను. విషయం: బండగూడెంలో మిగిలిన పద్నాలుగు ఇళ్ళకు తాగునీరు గురించి. నీ ఇరవై తొమ్మిది పత్రం కాపీ, ల్యాబ్ రిపోర్టు, పదకొండు పేజీల్లో ఆ పద్నాలుగు ఇళ్ళవాళ్ళు చెప్పిన మాటలు, అన్నీ జత చేశాను. ఉదయ్ ఆఫీసు దాకా దింపి, "నేను గూడ రావాల్నా?" అన్నాడు. "షాపు తెరువుపో" అన్నాను.

ఇన్‌వర్డులో ఉన్నది కొత్త మనిషి. మూడు పేజీలు తిప్పి అడిగాడు.

"మీరెవరమ్మా? మీది గా ఊరా?"

"కాదు. చిక్కడపల్లి."

"మరి మీకేం సంబంధం?"

"నా కోడలు అక్కడ పని చేసింది."

"చేసిందంటున్నరు. బదిలీ అయింది గద, ఇంక అయిపోయినట్టే గదమ్మా?"

"ఆమెకు అయింది. నాకు కాలె" అన్నాను. "నంబరెయ్యి నాయనా."

వేశాడు.

రాజకుమారి